ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్

ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ (అక్టోబరు 24, 1632 - ఆగస్టు 26, 1723) నెదర్లాండ్స్ దేశంలోని డెల్ఫ్ట్ నగరానికి చెందిన జవుళి వర్తకుడు, సూక్ష్మజీవుల పరిశోధకుడు. సొంతంగా తయారు చేసుకున్న సూక్ష్మదర్శినులతో బాక్టీరియాను, ప్రోటోజోవాను, వీర్యకణాలను ప్రపంచానికి తెలియజేసిన ఈయనను సూక్ష్మజీవశాస్త్ర పితామహుడని వ్యవహరిస్తారు. చెరువు నీటిలో ఈయన చూసిన జీవుల గురించి పాఠ్యపుస్తకాలు విరివిగా చెబుతాయి. అయితే ఈయన తన నాలుకను, తన పళ్ళను, తన నోటిలోని పాచిని దాదాపు ముప్పై అయిదేళ్ళ పాటు విడిచి విడిచి పరిశీలించాడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మనిషి నోటిలో నివసించే బాక్టీరియాను మొట్టమొదట చూసి, బొమ్మలు గీయించి, వాటిని చంపే ఉపాయాలను కూడా ప్రయత్నించినవాడు లీవెన్‌హుక్. నాలుక పగుళ్ళు, పళ్ళ సందులు వంటి ఇరుకు తావుల్లో ఏముంటుంది, పుక్కిలించినంత మాత్రాన అది ఎందుకు పోదు అనే ప్రశ్నకు సమాధానం ఈయన 1683 నాటి ఉత్తరంలోనే మొదలవుతుంది.

బాల్యం

లీవెన్‌హుక్ తండ్రి ఫిలిప్స్ బుట్టలు అల్లే వృత్తిలో ఉండేవాడు. తల్లి మార్గరెతా బీరు తయారు చేసే సంపన్న కుటుంబానికి చెందినది. ఇంటి పేరుకు సింహపు మూల అని అర్థం. డెల్ఫ్ట్‌లోని సింహద్వారం సమీపాన వీధి మూలలో ఉన్న ఇంటిని బట్టి ఆ పేరు వచ్చింది. పేరుకు ముందున్న వాన్ అనే మాటను మాత్రం ఆయన యాభై ఏళ్ళు దాటిన తరువాతనే చేర్చుకున్నాడు.

సుమారు అయిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. తల్లి జేకబ్ మోలిన్ అనే చిత్రకారుని వివాహమాడింది. బాలుని వార్మండ్ అనే ఊరి బడికి పంపారు. తరువాత కొంతకాలం బెంథుయిజెన్‌లో న్యాయవృత్తిలో ఉన్న బంధువు ఇంట పెరిగాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ఆనాటి పండిత భాష అయిన లాటిన్ నేర్వలేదు. డచ్చి భాష తప్ప మరొక భాష ఆయనకు రాదు. ఈ లోటు ముందు ముందు ఆయన పేరుకు అడ్డంకి కాలేదు గానీ, సమకాలీన పండితులు ఆయన మాటను నమ్మడానికి జంకడంలో దీని పాత్ర కొంత ఉంది.

వర్తకం, ఉద్యోగం

1648లో పదహారేళ్ళ వయసున ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక స్కాట్లండు దేశీయుని బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి చేరాడు. 1654లో డెల్ఫ్ట్‌కు తిరిగి వచ్చి బార్బరా డి మేను వివాహం చేసుకొని సొంతంగా జవుళి దుకాణం తెరిచాడు. వీరికి అయిదుగురు సంతానం కలుగగా మారియా అనే కుమార్తె ఒక్కతే దక్కింది. 1666లో భార్య మరణించింది. 1671లో కార్నీలియా స్వాల్మియస్‌ను వివాహమాడాడు. ఆమె కూడా 1694లో కన్నుమూసింది. ఆ తరువాత చివరి వరకు ఆయనను కనిపెట్టుకొని ఉన్నది అవివాహితగానే ఉండిపోయిన కుమార్తె మారియా.

1660లో డెల్ఫ్ట్ నగర న్యాయాధికారుల సభామందిరానికి సంరక్షకునిగా ఉద్యోగం లభించింది. మందిరాన్ని శుభ్రంగా ఉంచడం, చలికాలంలో నెగడు రాజేయించడం వంటి బాధ్యతలు గల ఈ కొలువు ఆయనకు స్థిరమైన జీతాన్ని, కావలసినంత తీరికను సమకూర్చింది. 1669లో భూమి కొలతల అధికారిగా అర్హత పొందాడు. 1679లో నగరంలోనికి వచ్చే మద్యం పీపాలను కొలిచే పదవి కూడా దక్కింది. కొలతలపై ఆయనకు గల పట్టు పరిశోధనలలో అడుగడుగునా కనిపిస్తుంది. కంటికి కనబడని జీవి పరిమాణాన్ని ఇసుక రేణువుతోనో, పేను కంటితోనో పోల్చి లెక్కగట్టి చెప్పడం ఆయన అలవాటు.

ప్రఖ్యాత చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ కూడా ఇదే నగరంలో, ఇదే సంవత్సరం బాప్తిస్మం పొందినవాడు. వెర్మీర్ అప్పులపాలై మరణించిన తరువాత 1676లో ఆయన ఆస్తి వ్యవహారాలకు ధర్మకర్తగా లీవెన్‌హుక్‌ను నియమించారు. తెలుగునాట మచిలీపట్నం, నరసాపురం, భీమునిపట్నాలలో వర్తక స్థావరాలు నెలకొల్పిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి గల ఆరు శాఖలలో డెల్ఫ్ట్ శాఖ ఒకటి. అంటే ఈ నగరం అప్పుడు దూరదేశపు సరుకులకు, ముఖ్యంగా సుగంధ ద్రవ్యాలకు అలవాటు పడిన నగరం. ఆ సరుకులలో ఒకటైన మిరియం ఈ కథలో ముందు రానున్నది.

ఆయన సూక్ష్మదర్శిని

జవుళి వర్తకులు బట్ట నాణ్యతను తేల్చడానికి, దారపు పోగులు లెక్కించడానికి భూతద్దాలను వాడేవారు. లీవెన్‌హుక్‌కు కటకాలపై మక్కువ కలగడానికి ఇదే కారణమని సాధారణంగా చెబుతారు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ రచించిన మైక్రోగ్రాఫియా 1665లో వెలువడి సంచలనం సృష్టించింది. రెండు కటకాలు గల పెద్ద సూక్ష్మదర్శినులు అప్పటికే ఉన్నాయి. అయితే వాటిలో బొమ్మ మసకగా, అంచులలో రంగులతో కనిపించేది.

లీవెన్‌హుక్ మార్గం వేరు. అరచేతిలో ఇమిడిపోయే రెండు పలుచని ఇత్తడి లేదా వెండి రేకుల నడుమ ఒకే ఒక చిన్న గాజు కటకాన్ని బిగించేవాడు. కటకానికి ఎదురుగా ఒక సూదిమొన ఉంటుంది. చూడదలచిన వస్తువును ఆ మొనపై నిలిపి, మరలు తిప్పుతూ దగ్గరకు, దూరానికి జరుపుకోవాలి. పరికరాన్ని కంటికి దాదాపు ఆనించి, వెలుతురు వైపు చూడాలి. ఎంతో ఓపిక, చక్కని చూపు ఉంటే తప్ప దీనితో పని జరగదు. జీవితకాలంలో ఆయన అయిదు వందలకు పైగా కటకాలు తయారు చేశాడు. మిగిలి ఉన్నవాటిలో మేలైన దాని వృద్ధి శక్తి సుమారు 275 రెట్లు. అత్యుత్తమమైన కటకాలను ఎలా తయారు చేసేదీ, చిన్న జీవులను ఏ విధంగా చూసేదీ ఆయన ఎవరికీ చెప్పలేదు.

రాయల్ సొసైటీతో పరిచయం

డెల్ఫ్ట్‌లో నివసించే వైద్యుడు రైనియర్ డి గ్రాఫ్ 1673లో లండన్‌లోని రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్‌కు లీవెన్‌హుక్ గురించి వ్రాశాడు. బూజు, తేనెటీగ, పేనులపై ఆయన పరిశీలనలు అదే సంవత్సరం సొసైటీ పత్రిక ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో అచ్చయ్యాయి. అది మొదలు యాభై ఏళ్ళ పాటు ఆయన ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాడు. రాయల్ సొసైటీకి వ్రాసినవే సుమారు 190. ప్రణాళిక ప్రకారం కూర్చిన శాస్త్రగ్రంథం ఒక్కటీ ఆయన రచించలేదు. ఆ రోజు ఏది చూస్తే అది, ఎలా చూస్తే అలా, ఇంటి సంగతులతో సహా డచ్చి భాషలో వ్రాసి పంపేవాడు. వాటిని ఇంగ్లీషులోనికి, లాటిన్‌లోనికి అనువదించి ప్రచురించేవారు. ఆయన నోటి ఆరోగ్యం గురించి మనకు ఇంత వివరంగా తెలియడానికి ఈ అలవాటే కారణం.

నాలుక నుండి మిరియం వరకు

1674 నాటి ఉత్తరాలలో ఆయన తన అనారోగ్యం ఒకదానిని ప్రస్తావించాడు. ఆ చలికాలంలో జబ్బుపడినపుడు నోటికి రుచి పూర్తిగా పోయింది. అద్దంలో నాలుకను చూసుకుంటే దట్టమైన పూత కట్టి ఉంది. రుచి తెలియకపోవడానికి ఆ పూతే కారణమని ఆయన నిర్ణయించుకున్నాడు. అంతటితో ఊరుకోక ఎద్దు నాలుకను తెచ్చి, ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. నాలుక పైభాగాన మొనదేలిన చిన్న చిన్న బుడిపెలు లెక్కలేనన్ని కనిపించాయి. ఇవే నేడు మనం జిహ్వాంకురాలని పిలుస్తున్నవి.

రుచిపై మొదలైన కుతూహలం తదుపరి ప్రశ్నకు దారి తీసింది. మిరియం నాలుకపై ఎందుకు మండుతుంది? మిరియంలో సూదుల వంటి సన్నని మొనలు ఉండి అవి నాలుకను గుచ్చుతాయేమోనన్నది ఆయన ఊహ. ఆ మొనలను చూడాలని మిరియాలను నీటిలో నానబెట్టి వారాల తరబడి అలాగే ఉంచాడు. 1676 ఏప్రిల్‌లో ఆ నీటి చుక్కను చూసినపుడు సూదులేవీ కనిపించలేదు. వాటికి బదులు, అంతకు రెండేళ్ళ ముందు ఊరి సమీపాన ఉన్న సరస్సు నీటిలో తాను చూసిన జీవులకన్నా ఎంతో చిన్నవైన జీవులు గుంపులు గుంపులుగా కదలుతూ కనిపించాయి. మనిషి కన్ను బాక్టీరియాను చూసిన తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనదిగా పరిగణింపబడుతున్నది. తలపెట్టిన ఊహ తప్పు, దొరికిన ఫలితం గొప్పది. శాస్త్ర చరిత్రలో ఇటువంటివి అరుదు కావు.

ఈ సంగతిని అక్టోబరు 9, 1676 తేదీ గల ఉత్తరంలో సొసైటీకి తెలియజేశాడు. లండన్‌లో చాలామంది నమ్మలేదు. నెహెమియా గ్రూ ప్రయత్నించి చూడలేకపోయాడు. లీవెన్‌హుక్ చర్చి బోధకులు, నోటరీ మొదలైన ఎనిమిది మంది పెద్దమనుషులకు తన సూక్ష్మదర్శినిలో ఆ జీవులను చూపించి, వారి సంతకాలతో సాక్ష్యపత్రాలు సంపాదించి పంపాడు. చివరకు 1677 నవంబరులో రాబర్ట్ హుక్ మిరియాల నీటితోనే ప్రయోగం చేసి సభ్యుల సమక్షంలో ఆ జీవులను చూపించడంతో సందేహాలు తొలగిపోయాయి. 1680లో లీవెన్‌హుక్‌ను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకున్నారు. ఆ సభకు ఆయన ఒక్కసారి కూడా హాజరు కాలేదు.

పళ్ళ పాచి

సెప్టెంబరు 17, 1683న వ్రాసిన ఉత్తరం నోటి ఆరోగ్య చరిత్రలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. అప్పటికి ఆయనకు యాభై ఒకటవ ఏడు నిండబోతున్నది. ఆ కాలపు యూరప్‌లో ఆ వయసుకు పళ్ళన్నీ గట్టిగా ఉండటం విశేషం. ఆయన నిత్యం ఉదయాన ఉప్పుతో పళ్ళు రుద్దుకొని నీటితో పుక్కిలించేవాడు. భోజనానంతరం దవడ పళ్ళను పుల్లతో శుభ్రం చేసుకొని, గుడ్డతో గట్టిగా తుడుచుకునేవాడు. అందువల్ల తన పళ్ళు తెల్లగా ఉన్నాయనీ, చిగుళ్ళ నుండి రక్తం కారడం ఎరుగననీ తెలియజేశాడు.

అయినప్పటికీ భూతద్దంతో అద్దంలో చూసుకుంటే, పళ్ళ మధ్య తడిపిండి వంటి తెల్లని పదార్థం అంటుకొని ఉంది. తెలుగులో పాచి అనేది దీనినే. లాలాజలంలో ఆయన మొదట వెదికితే జీవులేవీ కనిపించలేదు. పాచిని కొద్దిగా గీకి, జీవులు లేని వాననీటితోను, లాలాజలంతోను కలిపి చూసినపుడు మాత్రం ఆశ్చర్యం వేసింది. ఆ చుక్కలో పలు రకాల జీవులు చురుకుగా కదలుతున్నాయి. కొన్ని కడ్డీల వలె ఉండి నీటిని చీల్చుకుంటూ వేటచేపలాగా దూసుకొనిపోతున్నాయి. కొన్ని బొంగరం వలె గిరగిర తిరుగుతున్నాయి. మరికొన్ని దోమల గుంపు మాదిరిగా ముసురుకొని, ఒక్కొక్కదానిని విడిగా గుర్తించ వీలులేకుండా ఉన్నాయి. కదలని పొడుగు దారాల వంటివీ ఉన్నాయి. ఉత్తరంతో పాటు పంపిన చిత్రాలు మరుసటి సంవత్సరం అచ్చయ్యాయి. నేటి శాస్త్రవేత్తలు ఆ చిత్రాలను చూసి గుండ్రని, కడ్డీ ఆకారపు, మెలికలు తిరిగిన బాక్టీరియాను గుర్తుపట్టగలుగుతున్నారు. బాక్టీరియాకు ప్రచురితమైన తొలి చిత్రాలుగా వీటికి పేరుంది.

ఆయన తన నోటితో తృప్తి చెందలేదు. ఇద్దరు స్త్రీలు, ఎనిమిదేళ్ళ పిల్లవాడు, ఇద్దరు వృద్ధుల నోటి పాచిని కూడా సేకరించాడు. ఆ స్త్రీలు ఆయన భార్య, కుమార్తె అయి ఉంటారని చరిత్రకారుల అభిప్రాయం. వృద్ధులలో ఒకడు మద్యం, పొగాకు ముట్టక నియమంగా జీవించినవాడే గానీ పుట్టి బుద్ధెరిగి పళ్ళు తోముకోనివాడు. అతని పాచిలో జీవులు ఎంత విస్తారంగా ఉన్నాయంటే, కలిపిన నీరంతా ప్రాణం పోసుకున్నట్లు కదలాడింది. రెండవ వృద్ధునికి మద్యం, పొగాకు రెండూ అలవాటు. అతని పళ్ళు సైతం అశుభ్రంగానే ఉన్నాయి. ఒక్క మనిషి నోటిలో ఉండే ఈ జీవుల సంఖ్య తన దేశ జనాభాను మించుతుందని లీవెన్‌హుక్ లెక్క కట్టాడు. ఉప్పుతో నిత్యం తోముకునే తన నోటిలోనూ అవి ఉన్నాయన్నది ఆయన దాచలేదు. శుభ్రత వల్ల అవి తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు అన్న నేటి అవగాహనకు ఇది సరిపోలుతున్నది.

ఆ తరువాత చేసిన ప్రయోగం ఇంకా విలువైనది. పాచిని నోటి వెలుపల ఘాటైన ద్రాక్ష వెనిగర్‌తో కలిపితే జీవులు వెంటనే చచ్చాయి. అయితే అదే వెనిగర్‌ను నోటిలో పోసుకొని పళ్ళ సందులలోనికి పోయేలా పుక్కిలించి, ఆపై నీటితో కడుక్కొని, పాచి తీసి చూస్తే చాలా జీవులు బ్రతికే ఉన్నాయి. వెనిగర్ పాచి పైపొరను మాత్రమే తాకిందనీ, లోపలికి చొరబడలేదనీ ఆయన నిర్ధారించాడు. ఒక ద్రవం సీసాలో సూక్ష్మజీవులను చంపినంత మాత్రాన నోటిలో చంపుతుందని చెప్పలేమన్న ఈ సత్యాన్ని ఇరవయ్యవ శతాబ్దం చివరలో బయోఫిల్మ్ అనే పేరుతో శాస్త్రజ్ఞులు తిరిగి విపులీకరించారు. పాచిలోని జీవులు జిగట పదార్థపు పొరలో కలిసికట్టుగా నివసిస్తాయి. ఆ పొరను రాపిడితో చెదరగొట్టనిదే మందునీరు అడుగుకు చేరదు.

సుమారు తొమ్మిదేళ్ళ తరువాత, 1692లో, మరల తన పాచిని పరీక్షించాడు. ముందు పళ్ళ నుండి తీసిన దానిలో కదిలే జీవులు లేవు. వెనుక దవడ పళ్ళ నుండి తీసిన దానిలో మాత్రం ఉన్నాయి. ఈ మధ్య ఉదయాన వేడివేడి కాఫీ త్రాగడం అలవాటయిందనీ, ఆ వేడి ముందు పళ్ళకు తగిలి అక్కడి జీవులు నశించాయనీ ఆయన ఊహించాడు. యూరప్‌కు కాఫీ అప్పటికి కొత్త పానీయం.

పంటి పురుగులు

పళ్ళు పుచ్చడానికి వాటిలో తొలిచే పురుగే కారణమన్న నమ్మకం బాబిలోనియా కాలం నుండి పలు దేశాలలో ఉంది. మన పల్లెలలో నేలవాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగును రాల్చే వైద్యం కూడా ఈ నమ్మకం నుండి పుట్టినదే. ఇంగ్లండులో సైతం ఇటువంటి పొగ వైద్యం ఉండేది. ఆ విధంగా ఒకరి పంటి నుండి రాలాయన్న పురుగులను లీవెన్‌హుక్‌కు పంపారు. ఆయన వాటిని జున్నులో పుట్టే పురుగులతో పోల్చి చూసి, రెండూ ఒకటేనని తేల్చాడు. పురుగు పట్టిన జున్ను తినడం వల్ల అవి పంటి తొర్రలోనికి చేరి ఉంటాయే తప్ప పంటిలో పుట్టినవి కావని వివరించాడు. 1700లో ఈ వ్యాసం ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించవలసి ఉంది. పంటిని తొలిచే పురుగు లేదని నిరూపించినవాడూ ఆయనే, పంటిపై అసలు నివసించే జీవులను చూసినవాడూ ఆయనే. పంటి లోపలి పదార్థంలో సన్నని గొట్టాలు ఉంటాయని 1678 నాటికే ప్రకటించినవాడు కూడా ఆయనే. అయినా తాను చూసిన జీవులే పన్ను పుచ్చడానికి కారణం కావచ్చుననే దిశగా ఆయన ఆలోచన సాగలేదు. ఆ చిన్ని జీవులు రోగాలు కలిగిస్తాయన్న సిద్ధాంతం అప్పటికి రూపు దిద్దుకోలేదు. దొరికిన ఆధారాలను దాటి ఊహలల్లడం ఆయన స్వభావం కూడా కాదు.

నాలుకపై తెల్లని పూత

డెబ్బై అయిదేళ్ళు పైబడిన వయసులో ఆయన మరల నాలుక వైపు దృష్టి మళ్ళించాడు. జ్వరం వచ్చినపుడు నాలుకపై ఏర్పడే తెల్లని పూతను గీకి, సూక్ష్మదర్శినితో చూసి వ్రాసిన ఉత్తరం సుమారు 1708లో అచ్చయింది. పూర్వకాలపు వైద్యులు నాలుకను చూసి రోగనిర్ణయం చేసేవారు. ఆ పూతలో ఏముందో వేరు చేసి చూడాలని పూనుకున్న వారిలో లీవెన్‌హుక్ మొదటివాడని చెప్పవచ్చు. నాలుక పైచర్మం నుండి రాలిన కణాలు, ఆహారపు అణువులు, బాక్టీరియా కలిసి ఆ పూతను ఏర్పరుస్తాయని నేడు తెలుసు. జ్వరంలో నమలడం, నీరు త్రాగడం, లాలాజలం ఊరడం తగ్గిపోతాయి కనుక పూత దట్టమవుతుంది.

చివరి రోజులు

రష్యా చక్రవర్తి పీటర్ 1698లో నెదర్లాండ్స్‌కు వచ్చినపుడు లీవెన్‌హుక్‌ను పిలిపించుకొని ఆయన పరికరాలను చూశాడు. 1716లో లూవాన్ విశ్వవిద్యాలయం వెండి పతకం బహూకరించింది. వృద్ధాప్యంలో ఆయనకు ఉదర వితానం అదుపు తప్పి అదిరే అరుదైన వ్యాధి సోకింది. గుండె దడ అని వైద్యులు భావించగా ఆయన ఒప్పుకోక, తన శరీరంలో జరుగుతున్న దానిని గమనించి ఉత్తరాలలో వర్ణించాడు. ఈ వ్యాధికి ఆయన పేరే పెట్టారు. మరణశయ్యపై కూడా ఉత్తరాలను అనువదింపజేసి లండన్‌కు పంపమని మిత్రుని కోరాడు. ఆగస్టు 26, 1723న తన తొంభైవ ఏట మరణించాడు. డెల్ఫ్ట్‌లోని పాత చర్చిలో ఆయన సమాధి ఉంది.

రెండు వందల ఏళ్ళ విరామం

లీవెన్‌హుక్ చూసిన జీవులకు, పంటి నొప్పికి ఉన్న సంబంధం తేలడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. 1876లో రాబర్ట్ కోచ్ ఆంత్రాక్స్ వ్యాధికి బాక్టీరియా కారణమని నిరూపించాడు. కోచ్ ప్రయోగశాలలో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విల్లోబీ డేటన్ మిల్లర్ బెర్లిన్ నగరంలో నోటి సూక్ష్మజీవులపై విస్తృతంగా పరిశోధించి 1890లో గ్రంథాన్ని వెలువరించాడు. బాక్టీరియా నోటిలోని పిండి, చక్కెర పదార్థాలను పులియబెట్టి ఆమ్లాన్ని తయారు చేస్తాయనీ, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుందనీ ఆయన ప్రతిపాదించాడు. నేటికీ ఈ సిద్ధాంతమే పునాది. 1965లో హరాల్డ్ లో బృందం డెన్మార్క్‌లో ఒక సులువైన ప్రయోగం చేసింది. ఆరోగ్యవంతులైన యువకులను పళ్ళు తోముకోవడం మానమని కోరింది. మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక కొద్ది రోజులలో మామూలయ్యాయి. ఉప్పుతో తోముకున్న డెల్ఫ్ట్ వర్తకుని చిగుళ్ళ నుండి రక్తం ఎందుకు రాలేదో దీనితో స్పష్టమయింది.

పగుళ్ళ నాలుక విషయంలో ఈ పరిశోధనల ఉపయోగం

కొందరి నాలుక పైభాగాన నిలువుగా, అడ్డంగా గాడులు కనిపిస్తాయి. తరచు నడిమధ్యన ఒక పెద్ద గాడి, దాని నుండి ఆకు ఈనెల వలె చిన్న గాడులు ఉంటాయి. వైద్యులు దీనిని ఫిషర్డ్ టంగ్ అంటారు. తెలుగులో పగుళ్ళ నాలుక అనవచ్చును. పేరులో పగులు ఉన్నా ఇది గాయం కాదు. అంటువ్యాధి కాదు. కాన్సరు లక్షణం కూడా కాదు. వయసు పెరిగేకొద్దీ గాడులు ఎక్కువగా, లోతుగా కనిపిస్తాయి. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. డౌన్ సిండ్రోమ్ గలవారిలో, ముఖం వాచి ముఖ పక్షవాతం కలిగించే మెల్కర్సన్-రోసెంతాల్ వ్యాధిలో కూడా కనిపిస్తుంది. నాలుకపై ఎర్రని మచ్చలు దేశపటం మాదిరిగా ఏర్పడి చోటు మారుతుండే జియోగ్రాఫిక్ టంగ్ కూడా కొందరిలో దీనితో పాటే ఉంటుంది. అత్యధికులకు ఏ బాధా ఉండదు, చికిత్సా అవసరం లేదు. అద్దంలో చూసుకొని భయపడి రకరకాల లేపనాలు పూయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇబ్బంది వచ్చేది గాడుల అడుగున చేరే పదార్థంతో. ఆహారపు తునకలు, రాలిన కణాలు అక్కడ చిక్కుకుంటాయి. లాలాజలం, గాలి అంతగా సోకని ఆ తావులు ఆక్సిజన్ లేకుండా జీవించే బాక్టీరియాకు అనుకూలం. అవి మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసినపుడు గంధకం గల వాయువులు వెలువడి నోటి దుర్వాసన కలుగుతుంది. కారం, పులుపు తిన్నపుడు మంట పుట్టవచ్చు. కొన్నిసార్లు కాండిడా అనే శిలీంద్రం పెరిగి నొప్పి, ఎరుపు కలుగుతాయి. మధుమేహం ఉన్నవారికి, కట్టుడు పళ్ళు వాడేవారికి, నోరు ఎండిపోయే మందులు వాడేవారికి ఈ శిలీంద్రం తేలికగా పడుతుంది. అటువంటపుడు దంతవైద్యుని సంప్రదించాలి.

నాలుకబద్దతో ఉదయాన నాలుక గీసుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటే. సమతలంగా ఉన్న నాలుకకు ఇది చాలును. లోతైన గాడులు ఉన్నవారికి బద్ద పైపైన జారిపోతుంది గనుక, మెత్తని కుచ్చు గల బ్రష్షుతో వెనుక నుండి ముందుకు నెమ్మదిగా శుభ్రం చేసుకోవలసి ఉంటుంది. రక్తం వచ్చేలా గీకరాదు. పుక్కిలించే మందునీళ్ళు దుర్వాసనను కొంతసేపు కప్పిపుచ్చుతాయే గానీ గాడి అడుగుకు చేరవు. 1683లో వెనిగర్ పుక్కిలించిన తరువాత లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో కనిపించింది సరిగ్గా ఇదే.

సూక్ష్మదర్శినుల గతి

మరణానంతరం రాయల్ సొసైటీకి అందజేయమని ఆయన 26 వెండి సూక్ష్మదర్శినులను ఒక పెట్టెలో భద్రపరచి ఉంచాడు. కుమార్తె మారియా వాటిని పంపింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పెట్టె కనిపించకుండా పోయింది. ఇంటిలో మిగిలినవాటిని మారియా మరణానంతరం 1747లో వేలం వేశారు. కొన్నింటిని వెండి, బంగారపు తూకానికి కొన్నారు. అయిదు వందలకు పైగా కటకాలలో నేడు సుమారు పన్నెండు సూక్ష్మదర్శినులు మాత్రమే మిగిలాయి.

1875లో నెదర్లాండ్స్ రాయల్ అకాడమీ ఆయన పేర ఒక పతకాన్ని నెలకొల్పింది. 1895లో దానిని అందుకున్నవాడు లూయీ పాశ్చర్. క్లిఫర్డ్ డోబెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కేవలం ఈ ఉత్తరాలను మూలంలో చదవడానికే డచ్చి భాష నేర్చుకొని 1932లో వెలువరించిన జీవిత చరిత్ర ఇప్పటికీ ప్రామాణికమైనది.

కటకాలు తయారు చేసిన పద్ధతిపై మూడు శతాబ్దాలు చర్చ సాగింది. రేకులను విప్పి చూస్తే పరికరం పాడవుతుందని ఎవరూ సాహసించలేదు. 2021లో డచ్చి పరిశోధకులు న్యూట్రాన్ కిరణాలతో, రేకులు విప్పకుండానే, లోపలి కటకాల ఆకారాన్ని చిత్రించారు. మధ్యరకం సూక్ష్మదర్శినిలో ఉన్నది సాన పట్టిన కటకం. యూట్రెక్ట్‌లో ఉన్న 275 రెట్ల సూక్ష్మదర్శినిలో ఉన్నది మాత్రం గాజును కరిగించి చేసిన చిన్న పూస. ఆ కిటుకును రాబర్ట్ హుక్ చాలా ముందే అచ్చులో వివరించి ఉన్నాడు.